గ్రంథకర్త – విమర్శకుడు : ప్రత్యుత్తర ధర్మము

విమర్శకుడు గ్రంథమును ఎట్లు పరీక్షింపవలెనను విషయమున మన భాషలో వ్యాసములు పెక్కు వెలసినవి. విమర్శింపబడిన గ్రంథకర్త ఆ విమర్శనమును ఎట్లు స్వీకరింపవలెను, ఎప్పుడు బదులు చెప్పవలెను, ఎప్పుడు మిన్నకుండవలెను అను ప్రశ్నను ప్రత్యేకముగ చర్చించినవి మాత్రము అరుదు. ఇది మర్యాదకు సంబంధించిన చిన్న విషయమని కొందఱు తలంపవచ్చును. కాని ఒక తప్పు తేదీగాని, ఒక అపపాఠముగాని, నిరాధారమైన ఒక కర్తృత్వ నిర్ణయముగాని సకాలమున దిద్దబడక పోయినచో, అది పాఠ్యగ్రంథములలోనికిని, వానినుండి విద్యార్థుల వ్రాతలలోనికిని ప్రాకి తరములపాటు నిలుచుట అధ్యాపకు లెఱిగినదే. దిద్దుబాటు విమర్శకునితో ఆరంభమగును, గ్రంథకర్తతో పూర్తియగును. అతడు కోపించి తలుపు మూసికొనినను, మనసు విఱిగి కలము దించినను, నష్టము ఆ ఇరువురిది మాత్రమే కాదు, శాస్త్రముది. కావున ఆలంకారికుల మతము, ప్రాచీన కవుల ఆచారము, వాదశాస్త్ర నియమములు, నవీన యుగమున జరిగిన కొన్ని వివాదములు – వీని నాధారముగ గొని ఈ ప్రశ్నను పరిశీలింపదలచితిమి.

1. ఆలంకారికుల మతము

ఈ విషయమున మనకు మిక్కిలి తోడ్పడు గ్రంథము రాజశేఖరుని కావ్యమీమాంస. క్రీ. శ. 10వ శతాబ్ది తొలినాళ్లకు చెందిన ఈ ఆలంకారికుడు ప్రతిభను కారయిత్రి యనియు, భావయిత్రి యనియు రెండు విధములుగ విభజించెను. మొదటిది కవికి ఉపకరించును. రెండవది భావకునికి, అనగా నేటి మన విమర్శకునికి, ఉపకరించును. కవి శ్రమను, అభిప్రాయమును గ్రహించి దానిని ఫలింపజేయునది ఈ రెండవ ప్రతిభయే. అనగా విమర్శకుడు కవికి శత్రువు కాడు, అతని సృష్టికి ఫలదాత. గ్రంథకర్త మొదట గుర్తింపవలసినది ఈ సంబంధమును.

అయినను భావకులందఱును ఒక్క తీరువారు కారని రాజశేఖరు డెఱుగును. అతడు వారిని నాలుగు తెగలుగ విభజించెను. ఏదియు రుచింపనివాడు అరోచకి. గడ్డితో కూడ అన్నిటిని మెక్కువాడు సతృణాభ్యవహారి. గుణము కంటికి కనబడుచున్నను కానట్లుండువాడు మత్సరి. కావ్యతత్త్వమునందు అభినివేశము కలవాడు తత్త్వాభినివేశి. ఇట్టివాడు వేయిమందిలో ఒక్కడు దొరకిన దొరకవచ్చునని అతని యభిప్రాయము. అరోచకిత్వము సహజమైనది కావచ్చును, జ్ఞానమువలన కలిగినది కావచ్చును. సహజమైనచో ఎన్ని సంస్కారములు చేసినను పోదు. జ్ఞానమువలన కలిగినదైనచో, విశిష్టమైన రచన కంటబడినప్పుడు అది రుచిగా మాఱును.

ఈ విభాగము విమర్శకుల వర్ణనముగ మాత్రమే సాధారణముగ బోధింపబడుచున్నది. మేము దీనిని గ్రంథకర్తకు మార్గదర్శకముగ గూడ గ్రహింపవచ్చునని తలంచుచున్నాము. సహజారోచకికి బదులు చెప్పి ప్రయోజనము లేదు. మత్సరికి చెప్పు బదులు అతని మత్సరమునకు ఆహారమగును. సతృణాభ్యవహారి మెప్పు ఈ రెండింటికంటెను ప్రమాదకరము. గ్రంథకర్త దానికి బదులు చెప్పడు సరిగదా, దానిని నమ్మును. ఇక జ్ఞానమువలన అరోచకియైనవాని మాటను, తత్త్వాభినివేశి మాటను అతడు పలుమాఱు చదువవలెను. చిక్కేమనగా, తన్ను నిందించినవారినెల్ల మత్సరుల పట్టికలో చేర్చుట మానవ సహజము. రాజశేఖరుడు దీనికిని మందు చెప్పెను. కవి తన కృతిని అతిగా మెచ్చుకొనరాదు. పక్షపాతము గుణదోషములను తాఱుమాఱు చేయును. పరులచేత పరీక్ష చేయింపవలెను. తటస్థుడు చూడగలిగినది కర్త చూడలేడు.

కవి దినచర్యను చెప్పు సందర్భమున అతడు మఱొక సూక్ష్మమును గమనించెను. రసావేశముతో రచించువానికి ఆ సమయమున వివేచన దృష్టి యుండదు. కావున ఉదయము వ్రాసినదానిని పగటి చివరి జామున ఒంటరిగనో, పరిమితమైన గోష్ఠిలోనో పరీక్షింపవలెను. అధికమైనది త్యజించుట, కొఱవడినది పూరించుట, స్థానము తప్పినది మార్చుట, మఱచినది జ్ఞప్తికి దెచ్చుకొని కూర్చుట – ఇవి నాలుగును ఆ పరీక్షలోని పనులు. అచ్చైన పిదప వచ్చు విమర్శనము ఆలస్యముగ వచ్చిన ఇట్టి గోష్ఠియే గదా! మమ్మటుడు నైషధమును చూచి, ఇది ముందే దొరకియున్నచో దోషప్రకరణమున ఉదాహరణములకై వెదకుకొను శ్రమ తప్పియుండునని శ్రీహర్షునితో అనెనని యొక కథ పండితులలో వ్యాప్తిలో నున్నది. చరిత్రకు నిలువకున్నను, ముందు చూపవలసినదానిని పిదప చూపిన కవి పొందు ఫలమును ఆ కథ చక్కగ తెలుపుచున్నది.

2. ప్రాచీన కవుల ఆచారము

అచ్చుయంత్రమునకు పూర్వము కవికిని విమర్శకునికిని మధ్య పత్రిక లేదు. సభలోని ఆక్షేపణకు సభలోనే సమాధానము. గ్రంథస్థమైన సమాధానము అవతారికలో మాత్రమే కనబడును. అందు కుకవినింద యొక యాచారముగ స్థిరపడినది. ఆ పద్యములలో పెక్కు సంప్రదాయపాలనము కొఱకు వ్రాయబడినవే కాని, ఫలానా ఆక్షేపణకు సమాధానములు కావు. వానిని వదలి, నిజముగ సమాధానములని చెప్పదగినవానిని మూడింటిని గమనింతము.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ద్విపదను చేపట్టెను. పండితులు ద్విపదను చిన్నచూపు చూతురని అతడెఱుగును. అవతారికలోనే జానుతెనుగు సర్వసామాన్యమగుటను, అల్పాక్షరములతో అనల్పార్థమును సాధించుటలోని నేర్పును చెప్పి, తన ఎన్నికకు కారణము చూపెను. ఇది ఆక్షేపకుని దూషించుట కాదు. తన పఠితలెవరో, తన ప్రయోజనమేమో నిర్దేశించుట. శ్రీనాథుడు భీమేశ్వరపురాణమున మఱొక మార్గము త్రొక్కెను. తన కవిత్వ ప్రౌఢిని చూచి కొందఱు సంస్కృతమనిరి; నుడికారమును చూచి కొందఱు తెలుగనిరి. అతడు ఎవరి మాటను ఖండింపడు. ఎవరేమనుకొన్నను తనకు కొఱత లేదని చెప్పి, తన భాష కర్ణాటభాష యని ముగించును. ఆ మాటకు అర్థమేమను విషయమున పండితులలో చర్చ కలదు. మనకు ఇక్కడ ముఖ్యమైనది అతని నిర్లిప్తత. పోతన కొందఱికి తెలుగు, కొందఱికి సంస్కృతము, కొందఱికి రెండును ఇంపగునని అంగీకరించి, ఆయా సందర్భములలో అందఱిని మెప్పింతునని పలికెను. రుచిభేదమును దోషముగ గాక సహజముగ గ్రహించుట అతని ప్రత్యుత్తరము.

సంస్కృతమున భవభూతి మాలతీమాధవ ప్రస్తావనలో, తన్ను అవజ్ఞ చేయువారి కొఱకు తన యత్నము కాదనియు, కాలము అంతులేనిదనియు, భూమి విశాలమనియు, తనతో సమానధర్ముడు ఎప్పుడో ఎక్కడో పుట్టుననియు చెప్పుకొనెను. ఈ వాక్యము నేడు ప్రతి రచయితకును ఊరటగ నున్నది. అయితే దీనిని వాడుకొను అధికారము అందఱికిని లేదు. రసవిషయమున భవిష్యత్పఠితను నమ్ముకొనవచ్చును. శాసనకాలమును తప్పుగ చెప్పిన పరిశోధకునికి భవిష్యత్పఠిత రక్షకుడు కాడు, మఱింత కఠినుడైన పరీక్షకుడు.

3. వాదశాస్త్రము చెప్పు హెచ్చరికలు

న్యాయసూత్రములు కథను మూడు విధములుగ చెప్పినవి. తత్త్వనిర్ణయమునకై చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. తన పక్షమును స్థాపింపక పరపక్షమును పడగొట్టుట మాత్రమే లక్ష్యముగ గలది వితండ. మన పత్రికలలోని ఉత్తర ప్రత్యుత్తరములు పెక్కు వాదముగ ఆరంభమై, రెండవ ఉత్తరమున జల్పమై, మూడవదాన వితండగ ముగియుట సాహిత్య చరిత్రకారులకు పరిచితమే.

గౌతముడు ఓటమికి గుఱుతులైన నిగ్రహస్థానములను 22గా లెక్కించెను. అందు కొన్ని విమర్శింపబడిన రచయితల కొఱకే చెప్పబడెనా యనునట్లుండును. తనపై వచ్చిన దోషమును తొలగింపక, ఆ దోషము నీయందును కలదు గదా యని ఎదురుచెప్పుట మతానుజ్ఞ. శాస్త్రదృష్టిలో ఇట్లు చెప్పినవాడు తన దోషమును ఒప్పుకొనినట్లే. ఆక్షేపణ వచ్చిన పిదప మొదటి ప్రతిజ్ఞను విడిచి మఱొక ప్రతిజ్ఞ చేయుట ప్రతిజ్ఞాంతరము. నేను చెప్పినది అది కాదు, ఇది యనుట. ప్రస్తుతమునకు సంబంధింపనిది చెప్పుట అర్థాంతరము. విమర్శకుని వయసును, ఉద్యోగమును, గురువులను ఎత్తుట ఇందులో చేరును. వేఱు పని కలదని చెప్పి వాదమును మధ్యలో విడుచుట విక్షేపము; తీరిక చిక్కినప్పుడు సవివరముగ సమాధానము వ్రాయుదునని ప్రకటించి ఎన్నడును వ్రాయకుండుట దీనికి నేటి రూపము. ప్రత్యుత్తరము వ్రాసిన రచయిత దానిని పంపుటకు ముందు ఈ నాలుగింటిలో ఏదియైన దొరలినదేమో చూచుకొనుట మంచిది.

4. నవీన యుగమున కొన్ని నిదర్శనములు

తెలుగున గ్రంథవిమర్శనము పత్రికలతోడనే పెరిగినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి విగ్రహతంత్రముపై 1876లో వారు వ్రాసిన విమర్శనము ఆధునికాంధ్ర విమర్శనమున తొలి రచనలలో నొకటిగ పరిగణింపబడుచున్నది. వేంకటరత్నము పంతులుగారు ఆంధ్రభాషా సంజీవనికి సంపాదకులు. వీరేశలింగముగారు స్వయముగ విగ్రహమును వ్రాసినవారు. ఇట్లు ఇద్దఱు గ్రంథకర్తలు, ఇద్దఱు పత్రికాధిపతులు ఎదురుబడుటచే, వ్యాకరణ విషయములతో నారంభమైన చర్చ పరిహాసములోనికి దిగినది. వీరేశలింగముగారి హాస్య సంజీవని పేరే దానికి సాక్ష్యము. ఆ వివాదమువలన తెలుగు హాస్యరచనకు లాభము కలిగినది. విగ్రహతంత్రపు గుణదోష నిర్ణయమునకు కలిగిన లాభము స్వల్పము.

రాజశేఖర చరిత్రముపై కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు వివేకచంద్రికా విమర్శనమును వెలువరించిరి. ఆ నవలకును గోల్డ్‌స్మిత్ రచించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్‌కును గల సంబంధము చిరకాలముగ చర్చింపబడుచున్న విషయము. వీరేశలింగముగారు తమ స్వీయచరిత్రమున, ఆ ఆంగ్లగ్రంథమును తెనిగింప నారంభించి, అది తృప్తి నీయకపోవుటచే ఆ యత్నమును విడిచి, వేఱుగ రచించితిమని తెలిపిరి. అనుకరణ మను ఆరోపణ వచ్చినప్పుడు రచయిత చేయదగిన ఉత్తమమైన పని ఇదియే. ఋణమెంతయో, స్వార్జిత మెంతయో తానే లెక్క చెప్పినచో, తరువాతి పరిశోధకునికి ఆధారము దొరకును. నిర్ణయము అతడు చేసికొనును.

వీరేశలింగముగారి ఆంధ్రకవుల చరిత్రము మఱింత ఉపయుక్తమైన నిదర్శనము. మొదటిసారి వెలువడిన పిదప శాసనములును, క్రొత్త వ్రాతప్రతులును బయల్పడినవి. ఇతర పండితులు భిన్నాభిప్రాయములు వెల్లడించిరి. పంతులుగారు గ్రంథమును సవరించి, పెంచి 1917 ప్రాంతమున మరల ప్రకటించిరి. అప్పటికి వారు ఏడు పదులు దాటబోవుచున్నవారు. నేడు ఆ గ్రంథమునందలి నిర్ణయములలో పెక్కు మాఱినవి. ఐనను తాను వ్రాసినదానిని తానే మరల పరీక్షకు పెట్టిన ఆ పద్ధతి మాఱవలసినది కాదు. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు కార్యదర్శిగ రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినప్పుడు, పెక్కు గ్రంథములను గ్రాంథికమున వ్రాసిన వీరేశలింగముగారు దాని అధ్యక్షతను స్వీకరించుట గూడ ఈ స్వభావముయొక్క ఫలమే.

వేదము వేంకటరాయశాస్త్రిగారి మార్గము వేఱు. వారు 1891లో ప్రకటించిన నాగానంద నాటకానువాదమునను, 1897 నాటి ప్రతాపరుద్రీయమునను నీచపాత్రలచేత గ్రామ్యమును పలికించిరి. ఆక్షేపణలు చెలరేగినవి. శాస్త్రిగారు గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనమును రచించి, సంస్కృత నాటకములలో ప్రాకృతములు నిర్వహించు పనిని తెలుగు నాటకమున గ్రామ్యము నిర్వహించునని ప్రతిపాదించిరి. ఈ సమాధానమున రెండు విశేషములున్నవి. ఒకటి, ఒక నాటకముపై వచ్చిన ఆక్షేపణ నాటకభాషను గుఱించిన సిద్ధాంతమునకు హేతువైనది. రెండు, ఆ సిద్ధాంతమునకు ఎల్ల గీయబడినది. పాత్రౌచిత్యమునకై గ్రామ్యమును సమర్థించిన శాస్త్రిగారు సామాన్య వచనమున వ్యావహారికమును అంగీకరింపలేదు. వారి పక్షమును మనము ఒప్పుకొనవచ్చును, మానవచ్చును. తన సమర్థన ఎంతవఱకు పాఱునో చెప్పిన సమాధానము మాత్రము ఎల్లప్పుడును గౌరవార్హము.

గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమును 1897లో ఐదంకములుగ ప్రకటించిరి. 1909లో ఏడంకములుగ తిరుగవ్రాసిరి. రెండవది మొదటిదానికి దిద్దుబాటు కాదు, పునఃసృష్టి. మొదటి కూర్పుపై ఎవరెన్ని చెప్పినను, ఆ మాటల నన్నిటిని మించిన పరీక్షను రచయితయే చేసెనని రెండు కూర్పులను ప్రక్క ప్రక్కన పెట్టి చదివినవారికి తోచును. పరిశోధక విద్యార్థులకు ఈ తులనాత్మక పఠనము మిక్కిలి హితకరము.

తిరుపతి వేంకటకవులకును, వేంకట రామకృష్ణ కవులకును జరిగిన వాదములు గీరతము, శతఘ్ని వంటి గ్రంథములకు కారణమైనవి. అందలి ఛందోవ్యాకరణ చర్చలు నేటికిని పనికివచ్చును. పరస్పర దూషణములు ఆనాటి వేడిని ఎఱిగినవారితోనే చల్లాఱినవి. ఇక అక్కిరాజు ఉమాకాన్త విద్యాశేఖరులు 1928లో ప్రకటించిన నేటికాలపు కవిత్వము భావకవిత్వముపై తీవ్రమైన దాడి. దానివలన భావకవిత్వము ఆగలేదు. ఆగనందున ఆ గ్రంథము వ్యర్థమును కాలేదు. కృష్ణపక్షమును, నేటికాలపు కవిత్వమును నేడు ఒకే విద్యార్థి చదువుచున్నాడు. రుచికి సంబంధించిన వివాదమున కవి చెప్పదగిన బదులు తరువాతి కావ్యమే యనుటకు ఇది నిదర్శనము.

5. ఆక్షేపణ భేదము – ప్రత్యుత్తర భేదము

పై నిదర్శనములనుండి ఒక క్రమమును ఏర్పఱుపవచ్చును. విమర్శనమున వచ్చు ఆక్షేపణలు నాలుగు విధములు. మొదటిది వస్తువిషయకము : తేదీ, పాఠము, ఉదాహరణ, ఆకరము తప్పని చెప్పుట. దీనికి బదులు పరీక్ష. విమర్శకుడు చెప్పినది నిజమైనచో తరువాతి కూర్పున సవరించి, పీఠికలో వారి పేరు చెప్పవలెను. కూర్పు ఆలస్యమగునెడల పత్రికాముఖమున సవరణ ప్రకటింపవలెను. నిజము కానిచో ఆధారమును చూపి రెండు వాక్యములలో చెప్పవలెను. ఇందు మౌనము తగదు. మౌనము అర్ధాంగీకార మను లోకోక్తి ఇక్కడ పూర్తిగ వర్తించును.

రెండవది సిద్ధాంతవిషయకము : పద్ధతి సరికాదనుట, హేతువు చాలదనుట. దీనికి సవిస్తరమైన సమాధానము వ్రాయవచ్చును. అయితే అది విమర్శకునికి వ్రాసిన లేఖగ గాక, విమర్శనమును చదువని పఠితకును ఉపయోగించు స్వతంత్ర వ్యాసముగ నుండవలెను. మూడవది రుచివిషయకము. శైలి నచ్చలేదన్నవానికి నచ్చజెప్పు శాస్త్రము లేదు. నాలుగవది వ్యక్తివిషయకము : రచయిత ఉద్దేశమును, శీలమును, వంశమును ఎత్తుట. దీనికి బదులు చెప్పుట అర్థాంతరమున పడుటయే. ఐతే ఇట్టి దూషణ నడుమ ఒక సత్యమైన వస్తుదోషము ఇమిడి యుండవచ్చును. దూషణను విడిచి దోషమును గ్రహించుటయే నేర్పు. మత్సరి కన్ను గుణమునకు మూసికొనును కాని దోషమునకు మిక్కిలి వాడిగ నుండును. ఆ వాడి మనకు ఉచితముగ లభించిన సహాయము.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. ప్రసిద్ధుడైన విమర్శకుడు అన్యాయముగ వ్రాసినప్పుడు, పేరులేని యువరచయిత మిన్నకున్నచో అతని గ్రంథము అంతటితో అణగిపోదా యని. ఈ భయము నిరాధారము కాదు. పదవి, పలుకుబడి గలవాని మాట గ్రంథాలయములలోని కొనుగోలును, పరీక్షకుల అభిప్రాయమును గూడ ప్రభావితము చేయగలదు. అందుచేతనే వస్తువిషయమున మౌనము తగదని పైని చెప్పితిమి. గ్రంథమున లేనిది ఉన్నదని విమర్శకుడు వ్రాసినచో, పుటసంఖ్యతో సహా చూపి, ఒక్కసారి చెప్పి విరమించుట రచయిత హక్కు. ఆ సవరణకు చోటిచ్చుట సంపాదకుని విధి. బలహీనుని పక్షమున నిలువగలది ఆధారమొక్కటే. కోపము బలవంతునికే ఉపకరించును.

6. పరిశోధక విద్యార్థులకు

పరిశోధన చేయువానికి సిద్ధాంతవ్యాస పరీక్షయే మొదటి విమర్శనము. అందు వచ్చిన ప్రశ్నలను ప్రతిష్ఠాభంగముగ భావించువాడు తరువాత ఏ విమర్శనమును సహింపలేడు. విమర్శనము చేతికి వచ్చినదినమున బదులు వ్రాయరాదు. ఒక కాగితమున ఆక్షేపణలను విమర్శకుని విశేషణములు లేకుండ తన మాటలలో వ్రాసికొనవలెను. విశేషణములు తొలగిన పిదప మిగులు ఆక్షేపణలు తఱచు మూడో నాలుగో ఉండును. ఒక్కొక్కదాని ప్రక్కను గ్రంథపుటను, మూలాధారమును వ్రాసి, పై నాలుగు తెగలలో ఏ తెగకు చెందునో గుఱుతింపవలెను. అప్పుడు సమాధానము అవసరమో కాదో ఆ పట్టికయే చెప్పును. సమాధానము వ్రాసినచో ఒప్పుకొనవలసినదానిని మొదట ఒప్పుకొని, పిదప విభేదమును చెప్పుట మేలు. మిత్రులచేత తనకు అనుకూలముగ వ్యాసములు వ్రాయించుట, మాఱుపేరుతో తన్ను తాను సమర్థించుకొనుట, ఆ విమర్శకుని గ్రంథము సమీక్షకు వచ్చువఱకు వేచి పగ తీర్చుకొనుట – ఇవి విద్యాలోకమునకు తగని పనులు.

అధ్యాపకుల బాధ్యత ఇంతకంటె గొప్పది. విద్యార్థి తరగతిలో తమ గ్రంథమునందలి తప్పును చూపినప్పుడు వారు చెప్పు మొదటి మాట ఆ విద్యార్థి జీవితాంతము విమర్శనమును స్వీకరించు తీరును నిర్ణయించును. తప్పును పరీక్షించి, నిజమైన సవరింతునని చెప్పిన గురువు ఒక పుటను మాత్రమే దిద్దుకొనడు. ఒక పరిశోధకుని తయారుచేయును. అదలించి కూర్చుండబెట్టిన గురువు తన తప్పును, దానితోబాటు అడుగుటకు వెఱచు ఒక శిష్యుని, ముందు తరమునకు అప్పగించును.

గ్రంథము అచ్చైన క్షణముననే అది కర్త చేతినుండి జాఱి పఠితల సొత్తగును. కర్తకు మిగులునది దానిని మెఱుగుపఱచు అధికారము మాత్రమే. విమర్శకుడు ఆ అధికారమును వినియోగింపుమని గుర్తుచేయువాడు. అతని స్వరము మృదువో కఠినమో కావచ్చును. అతడు చూపిన పుటను తెఱచి చూచుట మన పని.